బాపు జిప్సీని రోజూ నడపాలంటే

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది అచ్చంపేట దగ్గర ఒక పల్లె. నాగర్‌కర్నూల్ దిక్కు ఉద్యోగం, రానూపోనూ రోజుకు యాభై కిలోమీటర్లు. మా బాపు 2007లో కొత్తగా కొన్న మారుతి జిప్సీ కింగ్ జీపు ఇంట్లో ఉంది. పెట్రోల్ బండి, ఫోర్ వీల్ డ్రైవ్. 2022లో రిజిస్ట్రేషన్ కూడా బాపే రెన్యువల్ చేయించాడు. ఆయన పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి బండి కొట్టంలోనే ఉంటే, దసరాకు కొత్త బ్యాటరీ వేసి బయటికి తీశాను. అరవై దాటితే స్టీరింగ్ గజగజ వణుకుతోంది. మధ్యాహ్నం పూట టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోతోంది. ఫోర్ వీల్ రాడ్ అసలు కదలడం లేదు. ఒక మెకానిక్ డీజిల్ ఇంజిన్ వేసుకోమంటున్నాడు. దోస్తులు పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, ముందు ఇనుప గార్డు, పైన ఎల్ఈడీ లైట్లు అంటున్నారు. అమ్మ మాత్రం అమ్మేయమంటోంది. నా దగ్గర లక్షన్నర ఉంది. ఏం చేయమంటారు? బండి ఇంకా బాపు పేరు మీదే ఉంది.

సమాధానం:

తమ్ముడూ, అమ్మొద్దు. అట్లాగని ఆ లక్షన్నరలో ఒక్క రూపాయి కూడా లిఫ్ట్ కిట్ మీద పెట్టొద్దు. 2007లో షోరూం నుంచి ఇంటికొచ్చిన నాడు ఆ బండి ఎట్లా ఉందో, ముందు అక్కడికి తీసుకురా. మార్పులు, హంగులు తర్వాత చూద్దాం. పాత ఫోర్ వీల్ బండ్లను నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. అవి వయసు వల్ల మూలకు పడడం తక్కువ. అరిగిన సామాను అట్లాగే ఉంచి, దాని మీద కొత్త సామాను ఎక్కించడం వల్ల పాడైనవే ఎక్కువ.

రిపేరు కంటే ముందు పెట్రోల్ లెక్క వేసుకో. ఈ బండి మన రోడ్ల మీద లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తే మంచిగా ఉన్నట్టే. రోజుకు యాభై అంటే ఐదు లీటర్లు, నెలకు ఇరవై ఐదు రోజులకు 125 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన 13 వేల పైచిలుకు. నీ జీతం దీన్ని మోయగలదా అన్నది నీకే తెలుసు. కష్టమనిపిస్తే వారంలో మూడు రోజులు బండి, మిగతా రోజులు బస్సు పెట్టుకో. ఆ లెక్క కుదిరితేనే కింద రాసిన పనులు మొదలుపెట్టు.

మొదట చాసీ, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. ముందు మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ చూడు. వెనక సీట్ల కింద, చక్రాల పైన వంపు తిరిగిన రేకు, అద్దం ఫ్రేమ్ అడుగు కూడా చూడు. తర్వాత బండి కింద పడుకుని, కమాన్ పట్టీలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) చాసీకి తగులుకునే చోట్ల స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పో. టంగుమని మోగితే ఇనుము గట్టిగా ఉన్నట్టు. డబ్బుమని మొద్దు శబ్దం వస్తే లోపల తుప్పు తిన్నట్టు. మనకు సముద్రపు ఉప్పు గాలి లేదు, కానీ యూరియా ఉంది, డీఏపీ ఉంది. బాపు ఎరువుల బస్తాలు దీంట్లోనే తెచ్చి ఉంటాడు. బస్తా నుంచి రాలిన ఎరువు గాలిలో తేమను పీల్చుకుని రేకుకు అంటుకుని ఉంటుంది, దాని కింద రేకు తుప్పు పడుతుంది. ఫ్లోర్‌లో చిల్లులుంటే ఏం కాదు, కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తారు. కమాన్లు తగులుకునే చోట చాసీయే పోయి ఉంటే మాత్రం, ఆ పని తెలిసినవాళ్లకు చూపించేదాకా ఇంకో రూపాయి ఖర్చు పెట్టొద్దు.

చాసీ బాగుంటే నేరుగా బ్రేకులకు రా. ఇది నా ఒంటి మీదికి వచ్చిన సంగతి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 2012 ఎండాకాలంలో నా పాత జీపులో శ్రీశైలం పోతున్నాం. అంతకు రెండు వారాల ముందే ఒక షాపులో బ్రేకులు చేయించాను. లైనర్లు కొత్తవి వేశారు, ఆయిల్ మార్చలేదు. నేనూ అడగలేదు. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో నాలుగైదు సార్లు గట్టిగా బ్రేక్ తొక్కేసరికి పెడల్ మెత్తబడింది. ఆ తర్వాతి మలుపులో తొక్కితే నేల దాకా పోయింది. గేర్ మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దించి, కొండ వైపు అంచుకు ఒరిపించి ఆపాను. వెనక సీట్లో మా అమ్మ ఉంది. ఆమెకు విషయం చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు.

ఎందుకట్లా అయిందంటే, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అందులో నీటి శాతం పెరిగి, అది మరిగే వేడి తగ్గిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు చక్రాల దగ్గర పుట్టే వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్‌ను నొక్కితే ఆ బలం ముందుకు పోతుంది, ఆవిరిని నొక్కితే అది అక్కడే ముడుచుకుంటుంది. అందుకే పెడల్ తొక్కినా చక్రం ఆగదు. నీ బండిలో ఆయిల్ కనీసం రెండేళ్ల పాతది. డబ్బా మూత మీద రాసి ఉన్న గ్రేడ్ ఆయిలే తెప్పించి, నాలుగు చక్రాల దగ్గరా పాతదంతా పోయి కొత్తది వచ్చేదాకా బ్లీడింగ్ చేయించు. నువ్వు పక్కనే నిలబడి చూడు. వెనక డ్రమ్ములు విప్పించి వీల్ సిలిండర్ల రబ్బరు అంచు ఎత్తి చూడమను, తడి కనిపిస్తే మార్చాల్సిందే. ముందు డిస్కులను పట్టి ఆపే కాలిపర్ పిస్టన్లు రెండేళ్లు కదలక పట్టేసి ఉండొచ్చు. చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పితే తెలుస్తుంది. ఇనుప బ్రేక్ పైపుల మీద తుప్పు పొక్కులుంటే అవి కూడా మార్చు. ఇంత చేశాకే ఆ బండిని అరవై దాటించు.

ఇక స్టీరింగ్ వణుకు. చాలామంది దీనికి స్టీరింగ్ డ్యాంపర్ (వణుకును మింగే చిన్న షాకబ్జర్) కొత్తది వేసి పంపిస్తారు. కొన్నాళ్లు వణుకు తెలియదు, మళ్లీ వస్తుంది. డ్యాంపర్ రోగాన్ని కప్పుతుంది, అంతే. అసలు కారణం చాలాసార్లు ముందు చక్రాలు కుడి ఎడమలకు తిరిగే ఇరుసు దగ్గర, అంటే కింగ్‌పిన్ బేరింగుల్లో ఉంటుంది. ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, యాక్సిల్ కింద గట్టి దిమ్మె పెట్టు. టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపు. టక్ టక్ అని ఆట (వదులు) కనిపిస్తే, మీ ఇంట్లో ఎవరినైనా బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపు. బ్రేక్ తొక్కగానే ఆట పోతే తప్పు వీల్ బేరింగ్‌ది. తొక్కినా ఆట అట్లాగే ఉంటే కింగ్‌పిన్‌ది. ఇప్పుడు టైరును కుడి ఎడమల పట్టుకుని ఊపు. ఇక్కడ ఆట ఉంటే స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు చూడాలి. కింగ్‌పిన్ బేరింగులు కొత్తవి వేసినా, షిమ్ములతో (సన్నటి రేకు బిళ్లలతో) బిగువు సరిగ్గా పెట్టకపోతే వణుకు పోదు. మెకానిక్ 'బేరింగ్ వేశాను' అంటే సరిపోదు, 'షిమ్ములు ఎట్లా చూశావు' అని అడుగు. దీనికి సరిగ్గా సమాధానం చెప్పే మనిషి దొరికితే ఆయన్ను వదలకు. ఆ పని అయ్యాక కమాన్ బుష్‌లు, ఆ తర్వాత వీల్ బ్యాలెన్సింగ్, చివరకు అలైన్‌మెంట్. ఇదే వరసలో చేయించు.

టైర్లు ఎట్లా ఉన్నా వయసు చూడు. పక్క గోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి. 1817 అని ఉంటే 2017లో పద్దెనిమిదో వారంలో తయారైంది. టైరు మీది గాడులు లోతుగా ఉన్నాయని మోసపోవద్దు. అంత పాత టైరును ఏటా మన ఎండ తింటే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది, తడి రోడ్డు మీద జారుతుంది. కొత్తవి కంపెనీ ఇచ్చిన సైజులోనే తీసుకో. అది 205/70, పదిహేను ఇంచుల రిమ్. దోస్తులు చెప్పే 235/75 వేస్తే టైరు ఎత్తు దాదాపు పది శాతం పెరుగుతుంది. మీటర్ అరవై చూపిస్తుంటే నువ్వు నిజానికి అరవై ఆరులో పోతుంటావు. ఇంజిన్ బలం చక్రానికి పది శాతం తక్కువ అందుతుంది, మైలేజీ పడిపోతుంది, బ్రేకులకు పని పెరుగుతుంది. అరిగిన కింగ్‌పిన్లకు అదనపు బరువు. దాన్ని బాడీకి తగలకుండా ఇమడ్చడానికి లిఫ్ట్ కిట్, లిఫ్ట్ వేశాక ఇంజిన్ బలాన్ని యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి దాని కీళ్లు, అంటే క్రాసులు అరగడం. ఒకటి మొదలైతే ఇంకోటి. మన దుందుభి వాగు ఇసుకలో, చెల్కల దారుల్లో ఆ బండిని ఇన్నేళ్లు తిప్పింది కంపెనీ టైర్లే.

ఇంజిన్ వేడెక్కడం గురించి అడిగావు. ఇది నల్లగొండ, పాలమూరు బండ్లన్నిటికీ ఉన్న కథ. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ కడుతుంది. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, కానీ రేడియేటర్‌ను పాడు చేసేది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. దారిలో ఆవిరైనప్పుడల్లా ఏ బోరు దగ్గరో బాటిల్ నింపి పోసి ఉంటారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి లోపలికి చూడు. వేడి మీద ఎట్టి పరిస్థితిలోనూ తీయొద్దు, మొహం కాలుతుంది. తెల్లటి పొరో, ఎర్రటి బురదో కనిపిస్తే రేడియేటర్ విప్పించి షాపులో శుభ్రం చేయించు. ట్యూబులు మరీ మూసుకుపోతే కొత్తది వేయించడమే మంచిది. రబ్బరు హోస్ పైపులు, రేడియేటర్ మూత కొత్తవి. ఇకనుంచి సిద్ధంగా కలిపి అమ్మే కూలెంటే (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పోయించు. నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి, మిషన్ భగీరథ నీళ్లతో కూడా కాదు.

ఇంకో మాట. వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ (ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని కవాటం) పీకేసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఒప్పుకోవద్దు. అది తీసేస్తే ఇంజిన్ చల్లగానే నడుస్తుంది. కంప్యూటర్ ఉన్న ఇంజిన్ కాబట్టి, ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. పీకేసి ఉంటే కొత్తది పెట్టించు. పత్తి ఏరే నెలల్లో రేడియేటర్ రెక్కల్లో దూది పోగులు, పురుగులు ఇరుక్కుంటాయి. నెలకోసారి ఇంజిన్ వైపు నుంచి బయటికి సన్నటి ధారతో నీళ్లు కొట్టు. ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగిపోతాయి. ఇవన్నీ చేసినా, లీకేజీ లేకుండా కూలెంట్ తగ్గుతుంటే, ఇంజిన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారితే, ఇంజిన్ పై భాగానికీ దిమ్మెకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. అప్పుడు బండి కదపకుండా మెకానిక్‌ను ఇంటికి పిలిపించు.

కొట్టంలో ఉన్న రెండేళ్లలో ట్యాంకులో పెట్రోల్ పాడై ఉంటుంది. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అదీ తేమను పీలుస్తుంది, ఎక్కువ రోజులు నిలబడితే నీళ్లు అడుగుకు చేరతాయి. ట్యాంకు దించి కడిగించు, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చు. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు మెత్తబడతాయి, చీలతాయి. అవన్నీ కొత్తవి వేయించు, ఇది మంటలతో వ్యవహారం. బానెట్ కింద ఎలుకలు వైర్లు కొరికాయేమో టార్చి వేసి చూడు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బాపు బిల్లుల్లో దొరక్కపోతే, మార్చలేదనే అనుకుని కొత్తది వేయించు. ఆ బెల్టుది రబ్బరే, తిరగకపోయినా ఏళ్లకు పాడవుతుంది. అక్కడ విప్పినప్పుడే వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు చూపించు.

ఫోర్ వీల్ రాడ్‌ను బలవంతంగా లాగొద్దు. గేర్‌బాక్స్‌లో, బలాన్ని ముందు వెనక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో, యాక్సిల్ మధ్యలో ఉండి రెండు చక్రాలకు బలం పంచే ముందు వెనక డిఫరెన్షియళ్లలో ఆయిల్ మార్చు. ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్ నుంచి విడిగా, రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది. ఆ రబ్బరు చితికినా రాడ్ బిగుస్తుంది. రాడ్ అడుగు, జాయింట్లు శుభ్రం చేసి గ్రీజు పెట్టించు. తర్వాత మెత్తటి చెల్కలోకి తీసుకుపోయి, చక్రాలు నిటారుగా ఉంచి, బండి ఆపి, క్లచ్ నొక్కి టూ హెచ్ (రెండు చక్రాల డ్రైవ్) నుంచి ఫోర్ హెచ్‌కు (నాలుగు చక్రాల డ్రైవ్‌కు) వేయి. కదలకపోతే బండిని ఒక అడుగు ముందుకీ వెనక్కీ జరిపి మళ్లీ ప్రయత్నించు. ముందు చక్రాల మధ్యలో ఉండి, చక్రాన్ని యాక్సిల్‌కు కలిపే, విడదీసే హబ్ లాకులు కూడా పట్టేసి ఉండొచ్చు. లాక్ చేసి, ఒక్క ముందు చక్రాన్ని లేపి చేత్తో తిప్పు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ దానితో పాటు తిరగాలి. లాక్ తీస్తే తిరగకూడదు. గాలితో పనిచేసే రకం హబ్బులైతే, పాడైనప్పుడు చేత్తో తిప్పే రకం వేయించుకోవడమే నా సలహా.

రాడ్ కదిలాక వారానికోసారి మట్టి రోడ్డు మీద రెండు కిలోమీటర్లు ఫోర్ హెచ్‌లో నడుపు. ముందు డిఫరెన్షియల్ సీళ్లకు ఆయిల్ తగులుతుంది, ఏదీ పట్టేయదు. పొడి తారు రోడ్డు మీద మాత్రం వద్దు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం పోవాలి, ఈ బండిలో ఆ తేడాను సర్దే ఏర్పాటు మధ్యలో లేదు. ఆ బలమంతా షాఫ్టుల్లో మెలిక పడుతుంది. వానాకాలంలో నిండు వాగు దాటితే, మర్నాడు డిఫరెన్షియల్ ప్లగ్ తీసి వేలు పెట్టి చూడు. ఆయిల్ తెల్లబడి నురగగా ఉంటే నీళ్లు చేరినట్టు, వెంటనే మార్చాలి.

డీజిల్ ఇంజిన్ ఆలోచన పూర్తిగా వదిలెయ్. ఈ బండి గేర్‌బాక్స్, యాక్సిళ్లు 103 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) ఇచ్చే ఇంజిన్ కోసం చేసినవి. బరువైన డీజిల్ ఇంజిన్ పెడితే ముందు కమాన్లు కుంగుతాయి, గేర్లు విరుగుతాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి అసలు స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ముందు ఇనుప గార్డులను 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వద్దంది. గుద్దుకున్నప్పుడు దెబ్బ నేరుగా చాసీకి పోతుంది, ఎదురుగా మనిషి ఉంటే బతకడం కష్టం.

ఇప్పుడు నిజంగా పనికొచ్చే అప్‌గ్రేడ్లు చెబుతాను. హెడ్‌లైట్లకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) వైరింగ్ వేయించు. పాత బండ్లలో కరెంటు సన్నటి పాత వైర్లు, స్విచ్చు గుండా తిరిగి వచ్చేసరికి తగ్గిపోయి బల్బు పసుపుగా, మసకగా వెలుగుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా మందపాటి వైరు, రెండు రిలేలు పెడితే అదే కంపెనీ బల్బు రెట్టింపు వెలిగినట్టుంటుంది. ఎదుటివాళ్ల కళ్లల్లో కొట్టదు. నల్లమల రోడ్డు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కాబట్టి నీకు అడవి లైట్లతో పని లేదు. నీ అవసరం లైటు లేని ఎడ్ల బండిని, రోడ్డు మీద ఆరబోసిన వడ్లను దూరం నుంచి చూడడం. ఆ తర్వాత నడుముకు ఆనే ముందు సీటు, పనిచేసే మూడు పాయింట్ల సీటు బెల్టు, మంచి షాకబ్జర్లు. వెనక ఎదురెదురు సీట్లుంటే పిల్లలను వాటిలో కూర్చోబెట్టొద్దు. ఏసీ కావాలంటే రేడియేటర్ పని పూర్తయి ఒక ఎండాకాలం గడిచాకే. ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందే కూర్చుంటుంది, గాలి తగ్గిస్తుంది.

డబ్బు విషయం. లక్షన్నరలో ఎక్కువ భాగం బ్రేకులు, ముందు యాక్సిల్, రేడియేటర్, టైర్లకే పోతుంది. కనీసం ముప్పై వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టు, విప్పినప్పుడు ఏదో ఒకటి బయటపడుతుంది. సామాను దొరకదన్న టెన్షన్ వద్దు. ఈ బండి 1985 నుంచి మూడు దశాబ్దాలకు పైగా తయారైంది, సైన్యం, పోలీసులు వాడారు. నాగర్‌కర్నూల్‌లో లేనిది హైదరాబాద్‌లో పుత్లీబౌలి, జాంబాగ్ షాపుల్లో దొరుకుతుంది. పాత ముక్క చేత్తో పట్టుకుపోయి పక్కపక్కన పెట్టి చూసి కొను.

అన్నిటికంటే ముందు చేయాల్సింది చివర రాస్తున్నాను, ఎందుకంటే నువ్వూ దాన్ని చివర్లోనే రాశావు. యజమాని చనిపోతే ముప్పై రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి, మూడు నెలల్లో వారసుడి పేరు మీదికి మార్చమని ఫారం 31 పెట్టాలి. ఆ గడువు ఎప్పుడో దాటింది. రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది ఇదే. డెత్ సర్టిఫికెట్, వారసత్వ పత్రం, అమ్మ సంతకం తీసుకుని పో. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్తగా తీసుకునేదాకా బండిని తారు రోడ్డు ఎక్కించొద్దు. బాపు చేయించిన రెన్యువల్ ఐదేళ్లకే కాబట్టి 2027లో మళ్లీ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో పది వేలకు పెంచారు, పాత బండ్లకు వేసే గ్రీన్ టాక్స్ వేరే. అది ఇప్పటి నుంచే లెక్కలో పెట్టుకో.

అమ్మకు బండి మీద కోపం ఉండదు, భయం ఉంటుంది. బ్రేకుల పని అయిన రోజు ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి ఉమామహేశ్వరం గుడి దాకా మెల్లగా తీసుకుపో. ఈలోపు సోమవారం ఫారం 31 పెట్టు, ఆదివారం జాకీ వేసి కింగ్‌పిన్ చూడు. బ్రేక్ తొక్కినప్పుడు ఆట పోయిందో ఉందో నాకు రాయి.